ఫిలోమెన్ మళ్లీ కట్టిన ఇల్లు

సెయింట్ జాన్ లోయ, మేన్
మార్చి 2, 1993

ఒరేయ్ ఫెర్నాన్,

ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ? ఆఁ?" అంటావు, నేను గొంతు చించుకుంటాను, పక్కింటి ఇర్మా ఏం గొడవోనని కిటికీలోంచి తొంగిచూస్తుంది. అందుకే ఉత్తరం. ముప్పై ఐదేళ్లు లారీ ఇంజను పక్కన కూర్చుని ఒక చెవి పూర్తిగా, రెండోది సగం పోగొట్టుకున్న తమ్ముడితో మాట్లాడాలంటే కాగితమే గతి.

విషయం చెప్తాను, కంగారు పడకు. నా గుండెలో ఒక కవాటం పాడైందట. ఈ నెల పదహారున పోర్ట్‌లాండ్‌లో ఆపరేషన్. ఆ తర్వాత కోలుకునేదాకా అక్కడే, సిస్టర్లు నడిపే విశ్రాంతి ఇంట్లో ఉండాలి. ఆరు వారాలంటున్నారు. డాక్టర్లు చెప్పే వారాలూ మన నాన్న చెప్పే మైళ్లూ ఒకటే, సాగుతూనే ఉంటాయి.

నా గురించి నాకేం బెంగ లేదు. బెంగంతా ఈ పిల్లుల గురించే. మా ఆయన పోయి, కొట్టు మూసేశాక, ఖాళీ అరల మధ్య నేనొక్కదాన్నే కూర్చుని ఉండగా ఎవరో బంగాళాదుంపల పెట్టెలో ఫిలోమెన్‌ని పెట్టి గుమ్మంలో వదిలేసి పోయారని నీకు రాశాను కదా. రెండు కళ్లూ కుళ్లిపోయి ఉంటే డాక్టరు తీసేసి కుట్టేశాడు. ఆ కబురు ఎలా పాకిందో గాని, అప్పట్నుంచి జిల్లాలో గుడ్డిదీ కుంటిదీ ఎవరికీ అక్కర్లేని పిల్లి ఏదైనా సరే నా గుమ్మానికే చేరుతోంది. పదకొండేళ్లయింది. ఇప్పుడు ఇరవై ఒకటి ఉన్నాయి, చాలావాటికి చూపు లేదు.

నువ్వు రావాలిరా. పని పెద్దదేం కాదు. సామాను ఏదీ ఉన్నచోటు నుంచి జరపకూడదు. ముట్టుకునే ముందు పేరు పెట్టి పిలవాలి. నడిచేటప్పుడు కాళ్లు నేలకి రాస్తూ నడవాలి, అలా నడవడం నీకు పుట్టుకతో వచ్చిందే. వెనక కాళ్లు చచ్చుబడిన క్లోవిస్‌కి మాత్రం పొద్దునా సాయంత్రం పొట్ట నొక్కి ఒంటేలు పోయించాలి. డాక్టరు వచ్చి నేర్పుతాడు. ఇర్మా నీకు వండిపెడుతుంది గాని క్లోవిస్ పొట్ట ముట్టనంది.

రాలేకపోతే రాలేనని రాయి. నేనేం అనుకోను. అబద్ధం, అనుకుంటాను.

ఎప్పుడూ నీకంటే నాలుగేళ్లు పెద్దదైన
ఒడీల్


బ్రిస్టల్, కనెక్టికట్
మార్చి 7

అక్కా,

గుండె సంగతి చివరి పేజీలో రాయాల్సింది మొదటి పేజీలో రాశావు, మంచిపని చేశావు. పిల్లుల సంగతి అసలు రాయకుండా ఉంటే ఇంకా బాగుండేది.

నాకు పిల్లులంటే పడదని నీకు తెలుసు. అవి మనుషుల్ని కొలుస్తున్నట్టు చూస్తాయి. నీవి చూడవు కాబట్టి కొంత నయం. మా ఆవిడ జానెట్ పోయాక ఈ రెండు గదుల వాటాలో నేను చేసేదేముంది, పగలు టీవీ, శుక్రవారం క్లబ్బులో చార్లెమాన్ పేకాట. నేను రాకపోతే ఆ ముగ్గురూ ఇంకొకణ్ణి వెతుక్కుంటారు. ఆ మాట చెప్తే వాళ్లు పెద్దగా బాధపడలేదు కూడా.

వస్తాను. ఆరు వారాలే. ఏడో వారం మొదలయ్యే రోజున నా పెట్టె గుమ్మంలో ఉంటుంది, ఆ పెట్టెలో పిల్లి ఉండకూడదు. ఇర్మాకి ప్లాయ్ అట్లు పల్చగా వేయడం ఇప్పటికైనా వచ్చిందా? పోయినసారి ఆమె వేసినవి బూటు అడుగుకి కొట్టుకోవచ్చు.

నువ్వు మాత్రం ఆ ఆపరేషన్ బల్ల మీద డాక్టర్లకి సలహాలివ్వకుండా పడుకో.

ఫెర్నాన్


సెయింట్ జాన్ లోయ
మార్చి 25

అక్కా,

ఆపరేషన్ బాగా జరిగిందని సిస్టర్ ఫోన్ చేసిందట. ఇర్మా మాట్లాడింది. ఆ మాట నాకు చెప్పడానికి పరిగెత్తుకొచ్చి, నా కుడిచెవిలో అరిచి, అరవడం అయ్యాక ఏడ్చింది. నేను ఏడవలేదు. కొట్టు వెనక కట్టెలు సర్దడానికి వెళ్లాను.

ఇక నీ సంతానం గురించి. నాకిది సరిపడే పని కాదక్కా, ముందే చెప్తున్నాను. వచ్చిన మొదటి రోజే రెండు తోకలు తొక్కాను. క్లోవిస్‌ పొట్ట నొక్కడం ఎలాగో డాక్టరు చూపించాడు. "నిమ్మకాయ పిండినట్టు కాదు మిస్టర్ మిషో, మాగిన పీచ్ పండు మాగిందో లేదో చూసినట్టు" అన్నాడు. జీవితమంతా డీజిల్ పట్టిన చేతులివి. మొదటిసారి పైప్ తెరుచుకుని నా చొక్కా తడిసింది, ఆ వెధవ మాత్రం హాయిగా కళ్లు మూసుకుని గుర్రుమన్నాడు. రోజులు లెక్కపెట్టుకుంటున్నాను.

ఒక సంగతి చెప్తాను, నమ్ముతావో లేదో. మొదటి మూడు రోజులూ ఇవి నన్ను చూసి, చూడటమేమిటి, నా వైపు తిరిగి నోళ్లు తెరిచేవి. నాకేం వినబడదు కదా. ఇరవై నోళ్లు తెరుచుకుంటాయి, మూసుకుంటాయి, అద్దం వెనక ఉన్నట్టు. నాలుగో రోజు నుంచి నోళ్లు తెరవడం మానేశాయి. ఒకటి వచ్చి నా బూటు మీద కాలు పెట్టి రెండుసార్లు తట్టింది. మర్నాడు ఇంకొకటి. ఇప్పుడు అన్నీ అంతే, ఆకలైతే బూటు తడతాయి. ఇర్మా వస్తే మాత్రం చక్కగా మ్యావ్ మంటాయట. అంటే వాటి గుడ్డితనం నాకు అలవాటయ్యేలోపే నా చెవుడు వాటికి తెలిసిపోయింది. నా వాటా పక్కింటివాడికి ఆరేళ్లయినా తెలియలేదు.

ఫిలోమెన్ గల్లాబల్ల మీంచి ఎదురరకి దూకడం చూశాను. మధ్యలో ఏమీ లేదు, మనిషి పొడవు ఖాళీ. ముక్కు ఒకసారి ఎత్తింది, వెనక కాళ్లు సర్దుకుంది, లేచిపోయింది. ఇటు అంగుళం అటు అంగుళం తేడా లేదు. నా చేతిలో కాఫీ అలాగే ఉండిపోయింది. కళ్లున్నవాణ్ణి, నేను ఆ అరకి తల ఇప్పటికి రెండుసార్లు కొట్టుకున్నాను.

సరే, తిను, పడుకో.

నీ జీతం లేని నౌకరు
ఫెర్నాన్


పోర్ట్‌లాండ్
ఏప్రిల్ 1

తమ్ముడూ,

చెయ్యి వణుకుతోంది, అక్షరాలు మన తూలుడు పిల్లి బతిస్ట్ నడకలా ఉంటాయి, ఓపిక పట్టు. నా పక్క మంచం మీద మిసెస్ ప్రాట్ అని ఒకావిడ ఉంది. సముద్రం ఒడ్డు మనిషి, చేప తప్ప తిండి కాదనుకుంటుంది. నీ ఉత్తరం చదివి వినిపించాను. క్లోవిస్ సంగతి దగ్గర కుట్లు నొప్పెట్టేలా నవ్వింది.

నాకు మాత్రం నవ్వు రాలేదురా. సరిపడే పని కాదని రాశావు. రోజులు లెక్కపెట్టుకుంటున్నానన్నావు. నిన్ను ఇబ్బంది పెడుతున్నానని తెలుసు. చిన్నప్పుడు బంగాళాదుంపలు ఏరేటప్పుడు నీ బుట్ట మోయలేకపోయినా "బరువేం లేదక్కా" అనేవాడివి. నిజంగా బరువైతేనే తప్ప నోరు తెరవవు. ఇప్పుడు తెరిచావంటే ఎంత కష్టంగా ఉందో.

ఇక్కడ డాక్టరు చెప్పేది రోజుకో రకంగా ఉంది. బరువులు ఎత్తకూడదంటాడు. "ఎన్నాళ్లు?" అంటే కిటికీలోకి చూస్తాడు. ఆ సంగతి తర్వాత రాస్తాను.

బతిస్ట్ తిండికి వెళ్తూ పడిపోతుంటే ఎత్తుకెళ్లి గిన్నె దగ్గర పెట్టకు. వాడికి మెదడులో తూకం సరిగ్గా కుదరలేదు, పుట్టుకే అంత. పడతాడు, లేస్తాడు, చేరతాడు. ఎత్తుకుంటే రెండ్రోజులు అలుగుతాడు.

అక్క


సెయింట్ జాన్ లోయ
ఏప్రిల్ 9, గుడ్ ఫ్రైడే

అక్కా,

పెద్ద తప్పు చేశాను. వెంటనే జవాబు రాయి.

పవిత్ర వారం వచ్చింది కదా. మంగళవారం ఇర్మా వాళ్లింట్లో గోడలు కడుగుతుంటే అమ్మ గుర్తొచ్చింది. ఈస్టర్ ముందు పైకప్పు నుంచి కింద చెక్కదాకా కడగని ఇంట్లో అమ్మ అడుగు పెట్టేదా? ఆ మాటే ఇర్మాతో అంటే, "మీ అక్క ఇంటికి ఆ భాగ్యం పదకొండేళ్లుగా లేదు, ఏ గోడ చూసినా బొచ్చే" అంది. నువ్వు వచ్చేసరికి ఇల్లు అద్దంలా ఉండాలనిపించింది. నీకు కానుకలా.

నీ నియమం మరచిపోలేదు. పిల్లులన్నిటినీ వెనక గదిలో పెట్టి, ప్రతి కుర్చీ కాలి చుట్టూ, పొయ్యి చుట్టూ, గల్లాబల్ల చుట్టూ, నీళ్లకి చెరగని మైనపు సుద్దతో గీత గీశాను. లారీలో సరుకు ఎక్కించేవాడికి అది రాదా. రెండు రోజులు ఇర్మా, నేను సోడా, క్లోరిన్, పైన్ నూనె వేసి గోడలూ అరలూ నేలా అన్నీ రుద్దాం. ఆరాక ప్రతిదీ గీత మీద గీతగా పెట్టేశాను. వెంట్రుకవాసి తేడా లేదు.

నిన్న మధ్యాహ్నం తలుపు తీశాను. బయటికొచ్చాయి. రెండడుగులు వేసి ఆగిపోయాయి, గుడ్డివన్నీ. సంతలో అమ్మ చెయ్యి జారిన పిల్లల్లా ఎక్కడివక్కడ నేలకి కరుచుకుని కూర్చున్నాయి. ఒకటి రోజూ పరిగెత్తే దారిలోనే వెళ్లి గల్లాబల్లకి మొహం కొట్టుకుంది. పళ్లెం చూపించినా తినలేదు. బూటు తట్టేవాళ్లు లేరు. ఫిలోమెన్ పొయ్యి ముందు కూర్చుంది, వీపు వంచి, ముక్కు నేలకి ఆనించి. నేను పేరు పెట్టి పిలిచినా చెవి కదపలేదు.

సామాను ఉన్నచోటే ఉంది అక్కా. మళ్లీ మళ్లీ కొలిచాను. నేనేం చేశాను? వాటిని అలా చూడటం నావల్ల కావడం లేదు.

ఫెర్నాన్


సెయింట్ జాన్ లోయ
ఏప్రిల్ 12, ఈస్టర్ మర్నాడు

అక్కా,

నీ జవాబు ఇంకా రాలేదు. రాకముందే ఇది రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

నిన్న పూజకి వెళ్లి వచ్చాను. ఇర్మా భోజనానికి రమ్మంది, హామ్ ఓవెన్లో ఉందంది. కోటు విప్పకుండానే తలుపు తీసి చూశాను, ఒకసారి చూసి వెళ్దామని. ఫిలోమెన్ లేచి నిలబడి ఉంది.

పొయ్యి కాలి దగ్గరికి పోయి ఎడమ చెంప రాసింది. తర్వాత కుడి చెంప. వెనక్కి ఒకడుగు వేసి వాసన చూసింది, మళ్లీ రాసింది. అక్కణ్ణుంచి పొట్ట నేలకి ఆనిస్తూ నీ ఉయ్యాల కుర్చీ దాకా పాకింది. దాని కాలికి చెంప రాసింది. మళ్లీ పొయ్యి దగ్గరికి వెనక్కి వచ్చింది. మళ్లీ కుర్చీ. మళ్లీ పొయ్యి. ఆ రెండింటి మధ్య దారి ఖాయమయ్యాక గల్లాబల్ల మూలకి బయల్దేరింది. ప్రతి మూల నుంచీ పొయ్యి దగ్గరికి తిరిగి రావడం, మళ్లీ కొత్త మూలకి పోవడం. కళ్లు కుట్టేసిన పద్నాలుగేళ్ల ముసలిది, మూడు రోజులుగా తిండి లేదు.

నేను నేల మీద కూర్చుండిపోయాను, కోటుతోనే. గంటో రెండో గడిచాక తోకలేని ఆ నల్లది కదిలింది. ఫిలోమెన్ చెంప రాసిన చోటికి వచ్చి ముక్కు పెట్టి, దాని మీదే తన చెంప రాసింది. తర్వాత ఇంకొకటి. ఒకదాని వెనక ఒకటి కాదు, ఎవరి దారి వారిదే, కాని అందరూ ఆమె ముట్టిన చోట్లే ముడుతున్నారు. ఎండ కిటికీ దాటి గోడ మీదికి పోయేసరికి మూడు వంతుల గది తిరిగేశాయి. అరల దగ్గర ఆమె ఆగింది. కింది అరకి చెంప రాసి, దాని మీదికి ఎక్కి, పై అంచుకి రాసి, దాని మీదికి ఎక్కి, అలా ఒక్కో మెట్టు. అన్నిటికంటే పైన కాసేపు కూర్చుంది. ఆ తర్వాత దిగి వచ్చి తినింది.

దేవుడు లోకాన్ని చేసేటప్పుడు ఎవరూ చూడలేదంటారు. నిన్న నా ఎదుట ఒకరు ఒక లోకాన్ని చెరిపేస్తే మళ్లీ మొదటి మూల నుంచి కట్టుకుంటూ వచ్చారు, గొణుక్కోకుండా, చెరిపినవాణ్ణి ఒక్క మాట అనకుండా. నాకు ఒళ్లు జలదరించింది. చర్చిలో ఎప్పుడూ అలా అనిపించలేదు, ఫాదర్‌కి చెప్పకు. ఇర్మా హామ్ తీసుకుని తనే వచ్చింది. "తిట్టడానికి వచ్చాను" అంది. నా మొహం చూసి తిట్టలేదు, తనూ కింద కూర్చుంది.

నువ్వు ఇదంతా పదకొండేళ్లుగా చూస్తూ నాకు వాతావరణం గురించి ఎందుకు రాసేదానివి?

ఫెర్నాన్


పోర్ట్‌లాండ్
ఏప్రిల్ 13

తమ్ముడూ,

నీ శుక్రవారం ఉత్తరం ఇప్పుడే అందింది. తప్పు నీది కాదు, నాది. వాటికి ఇల్లంటే సామాను కాదురా, వాసన. చెంపల్లోంచి ఏదో పూస్తాయి, ప్రతి మూలకీ. నేను వేడినీళ్లతో తప్ప కడగను, అదీ ఒక్కోసారి ఒక్కో మూల. నీకు చెప్పలేదు, ఎందుకంటే నువ్వు పుట్టి బుద్ధెరిగాక చీపురు పట్టడం నేను చూడలేదు. నువ్వు ఇల్లు కడుగుతావని కలలోనైనా అనుకుంటానా?

మెత్తటి గుడ్డ తీసుకుని ఒక్కోదాని చెంపలు తుడిచి, ఆ గుడ్డ కుర్చీ కాళ్లకీ మూలలకీ రుద్దు. కుదురుకుంటాయి.

నీ ఉత్తరంలో చివరి మాట మూడుసార్లు చదివాను. నావల్ల కావడం లేదు అన్నావు. ఇక చాలురా. నిన్ను అక్కడ కట్టిపడేయడం పాపం. బాంగర్‌లో జంతువుల శరణాలయం నడిపే మిసెస్ హాలొరాన్‌కి ఈ రోజే రాశాను, ఇరవై ఒక్కటినీ తీసుకెళ్లి తోచినచోట సర్దమని. మంచి మనిషి. మే మొదటి వారంలో వ్యాన్ తెస్తుంది. నువ్వు బ్రిస్టల్ వెళ్లిపో, నీ పేకాట నీకోసం చూస్తూ ఉంటుంది.

నా మీద కోపం పెట్టుకోకు.

ఒడీల్


సెయింట్ జాన్ లోయ
ఏప్రిల్ 19

అక్కా,

ఒక బకెట్టు క్లోరిన్‌కి ఇంత శిక్షా? తప్పు నాది కాదని మొదటి పేరాలో రాసి, రెండో పేరాలో ఇంటినే ఖాళీ చేయించావు. నమ్మకం లేదని సూటిగా రాస్తే సరిపోయేది. నన్ను పంపించేయాలనుకుంటే నన్ను పంపు, వాటినెందుకు పంపుతావు?

నా ఈస్టర్ ఉత్తరం అందిందా? అందినా నీ మనసు మారలేదంటే ఇక నేను రాసేదేం లేదు.

క్లోవిస్ బాగున్నాడు. నా చొక్కాలు ఈ మధ్య పొడిగానే ఉంటున్నాయి. బతిస్ట్‌ని ఎత్తుకోవడం లేదు. మంచు కరుగుతోంది, నదిలో గడ్డలు ఒకదాని మీదొకటి ఎక్కి పోతున్నాయి, ఆ చప్పుడు నాకు అరికాళ్లలోంచి తెలుస్తుంది. ఇవన్నీ కిటికీ దగ్గర చేరి అటే చెవులు పెడుతున్నాయి.

ఫెర్నాన్


పోర్ట్‌లాండ్
ఏప్రిల్ 25

ఒరేయ్ పిచ్చోడా,

నీ ఈస్టర్ ఉత్తరం అందింది. మిసెస్ ప్రాట్‌కి చదివి వినిపించాను. ఆవిడ చెయ్యి చాచి మళ్లీ చదవమంది. నమ్మకం లేక వాటిని పంపుతున్నానని నువ్వెలా అనుకున్నావురా? నీకు బరువైందనుకుని పంపుతున్నాను.

ఇంకొకటి కూడా ఉంది. అది దాచాను. ఇప్పుడు దాచను.

డాక్టరు చివరికి కిటికీలోంచి మొహం తిప్పి నాతో చెప్పాడు. కవాటం బాగైంది గాని గుండె అలిసిపోయిందట. ఉత్తరాల పెట్టె దాకా నడవొచ్చు. బకెట్టు ఎత్తకూడదు, కట్టెలు మోయకూడదు, పిల్లుల ఇసుక సంచి ముట్టకూడదు. ఇది ఆరు వారాల మాట కాదు, ఎప్పటికీ. నేను ఇంటికొస్తే ఎవరు ఎవరికి పెడతారు చెప్పు? కుంటిదాన్నీ గుడ్డిదాన్నీ చేరదీసిన ఒడీల్ వచ్చి మూల కుర్చీలో కూర్చుంటే, నువ్వు పొద్దున్నే క్లోవిస్‌నీ చూసి నన్నూ చూసి, నన్ను స్నానానికి లేపి, నా మందులిచ్చి. నువ్వూ అరవై దాటినవాడివే. అలా నీ మెడకి తగులుకోవడం నాకిష్టం లేదు. చాలా భయంగా ఉందిరా, చావంటే కాదు, అలా ఉండటమంటే.

లూయిస్టన్‌లో సిస్టర్లకి పెద్ద ఆశ్రమం ఉంది. అక్కడ చోటు ఉందన్నారు. వ్యాన్ మే మూడున వస్తుంది. నా మాట విని పెట్టెలు సిద్ధం చెయ్యి. ఫిలోమెన్‌ని నువ్వే ఎత్తుకుని ఎక్కించు, వేరేవాళ్ల చేతుల్లో అది బిగుసుకుపోతుంది.

అక్క


సెయింట్ జాన్ లోయ
మే 4

అక్కా,

వ్యాన్ నిన్న వచ్చింది. జరిగింది జరిగినట్టు రాస్తాను, మధ్యలో అడ్డం రాకు.

నీ మాట విన్నాను. చిన్నప్పట్నుంచీ వినీ వినీ అలవాటైపోయింది. పెట్టెలు వరసగా పెట్టాను, ఒక్కో దాంట్లో వాటి వాసన ఉన్న దుప్పటి వేశాను. ఇర్మా పొద్దున్నుంచి ఏడుస్తూ ప్లాయ్‌లు వేసింది, ఆమె జీవితంలో మొదటిసారి పల్చగా వచ్చాయి.

మిసెస్ హాలొరాన్ పొడుగాటి మనిషి, రబ్బరు బూట్లు, తక్కువ మాటలు. తలుపు గంట మోగి ఉంటుంది, ఎందుకంటే పిల్లులన్నీ ఒక్కసారి అటు తిరిగాయి. ఆమె గుమ్మంలో ఆగిపోయింది. గల్లాబల్ల మీద, అరల మీద, నీ కుర్చీలో, ఇరవై ఒక్క మొహాలు, చాలావాటికి కళ్లుండాల్సిన చోట కుట్లు, అన్నీ ఆమెకేసే. తర్వాత ఎవరి పని వారు చూసుకున్నాయి. నల్లది కిటికీలో ఈగని పట్టింది. నాకు వినబడని ఈగని, దానికి కనబడని ఈగని, గాల్లోనే. బతిస్ట్ పడుతూ లేస్తూ వచ్చి ఆమె రబ్బరు బూటు వాసన చూశాడు.

నేను ఫిలోమెన్‌ని ఎత్తుకున్నాను. పెట్టె మూత తీశాను. ఆమె నా ముంజేతికి ఎడమ చెంప రాసింది, తర్వాత కుడి చెంప. అక్కా, నేను పెట్టెలో పెట్టలేకపోయాను. చేతులు వంగలేదు.

హాలొరాన్ నా కుడివైపుకి వచ్చి, నా చెవుడు అర్థం చేసుకుంది కాబోలు, గట్టిగా అడిగింది. "చూసుకునేవాళ్లు లేరని మీ అక్కగారు రాశారు. మరి ఇన్నాళ్లూ ఎవరు చూశారు?"

"నేను" అన్నాను.

"ఇక మీద?"

"నేనే."

"మరి నన్నెందుకు పిలిచినట్టు?"

"అక్కకి నేను ఇంకా చెప్పలేదు" అన్నాను.

ఆమె ఒక ప్లాయ్ తీసుకుని, మొలాసిస్ పాకం పోసుకుని, నిలబడే తినింది. తింటూ అరల వైపు చూస్తూనే ఉంది. "నా దగ్గర ఉన్నవి బోనులు మిస్టర్ మిషో. శుభ్రంగా ఉంటాయి, కాని బోనులే. గుడ్డి పిల్లి ఇలా దూకుతుందని ముప్పై ఏళ్లలో నాకు తెలీదు" అంది. తర్వాత బయటికి వెళ్లి వ్యాన్ వెనక తలుపు తీసి ఒక అట్టపెట్టె పట్టుకొచ్చింది. దార్లో హూల్టన్‌లో ఎవరో అంటగట్టారట, రెండు పిల్లికూనలు, అన్నాచెల్లెళ్లు, కళ్లు లేకుండానే పుట్టాయి, అరచేతిలో పడతాయి. గల్లాబల్ల మీద పెట్టింది. ఇర్మా అప్పటికే పాలు వెచ్చబెట్టడానికి లేచింది. వ్యాన్ ఖాళీగా పోయింది.

ఇప్పుడు నీ ఉత్తరానికి జవాబు. నువ్వు నా మెడకి తగులుకుంటావనుకుంటున్నావు. ఇన్నాళ్లూ నేను నవ్వులాటకి రాసిన సణుగుడంతా నువ్వు నిజమనుకున్నావు, అది నా తప్పే, లారీవాళ్లం ఏడ్చినా బూతులతోనే ఏడుస్తాం. నిజం ఇదీ. బ్రిస్టల్‌లో నేను పొద్దున లేచినా లేవకపోయినా తెలుసుకునేవాళ్లు లేరు. ఇక్కడ నేను ఆలస్యంగా లేస్తే ఇరవై మూడు మంది వచ్చి మంచం కాలి దగ్గర కూర్చుంటారు. నాకు ఈ ఇల్లు కావాలి. నీకోసం కాదు, నాకోసం. నువ్వు ఆశ్రమానికి పోతే నా కష్టం తగ్గదు, మాట్లాడే మనిషి తగ్గుతుంది.

స్నానానికి లేపడం నాకు రాదనుకుంటున్నావా? క్లోవిస్‌ని అడుగు. సిగ్గుపడితే ఇర్మా లేపుతుంది, నీ పొట్ట ఎవరూ నొక్కనక్కర్లేదు కాబట్టి ఆమె ఒప్పుకుంటుంది.

శనివారం పొద్దున పోర్ట్‌లాండ్ వస్తున్నాను. లూయిస్టన్ సిస్టర్లకి రానని చెప్పు. మిసెస్ ప్రాట్‌కి నా తరఫున దండం పెట్టు. దారి పొడుగునా నువ్వు తిడతావని తెలుసు, బస్సులో నిన్ను నా ఎడమవైపు, చెవి పూర్తిగా పోయిన వైపు కూర్చోబెట్టుకుంటాను.

ఇంకొకటి. రోజూ సాయంత్రం అయిదయ్యేసరికి ఇవన్నీ పనులాపి తలుపు వైపు తిరిగి కూర్చుంటాయి. ఎందుకో నాకు అర్థం కాలేదు, ఏ చప్పుడు వింటున్నాయో అనుకునేవాణ్ణి. మొన్న ఇర్మాని అడిగాను. "అది ఒడీల్ రోజూ పోస్టాఫీసుకెళ్లి ఉత్తరాలు తెచ్చుకుని వచ్చే వేళ కదయ్యా" అంది. ఏడు వారాలైంది అక్కా, ఒక్క రోజు కూడా మానలేదు. కాసేపు కూర్చుంటాయి, తర్వాత లేచి తిండికి పోతాయి. నేను ఏ పేరుతో పిలిచినా ఆ కాసేపు మాత్రం నా వైపు తిరగవు. వాటికి ఏం చెప్పాలో నాకు తెలీదు. నువ్వే వచ్చి చెప్పు.

నీ తమ్ముడు
ఫెర్నాన్